ఊరేగింపు ఎవరిది?

ఢిల్లీలో పార్లమెంటు గ్రంథాలయంలో, ప్రత్యేకమైన గాజు పెట్టెలో, మన రాజ్యాంగం మూల ప్రతి భద్రంగా ఉన్నది. దాని పుటలకు శాంతినికేతనంలోని కళాభవనానికి చెందిన నందలాల్ బోస్, ఆయన శిష్యులు చిత్రాలంకరణ చేసిన సంగతి పాఠకులకు విదితమే. తూర్పున మన పొరుగుదేశమైన బంగ్లాదేశ్ 1972లో రాజ్యాంగాన్ని రచించుకున్నప్పుడు అక్కడా ఇదే జరిగిందన్న సంగతి మాత్రం ఇక్కడ ఎక్కువమందికి తెలియదు. ఆ రాజ్యాంగం చేతిరాత ప్రతిని ఢాకా చిత్రకారులు జైనుల్ ఆబెదీన్ పర్యవేక్షణలో అలంకరించారు. ఆబెదీన్ ఢాకాలోని చిత్రకళా పాఠశాలకు వ్యవస్థాపకుడు.

కొత్త రాజ్యం పుట్టినప్పుడు చిత్రకారునికి పిలుపు వస్తుంది. పతాకం కావాలి, అమరవీరుల స్తూపం కావాలి, గోడపత్రిక కావాలి, రాజ్యాంగం పుటలకు అంచులు కావాలి. ఏలికలు పీఠాలపై కుదురుకున్న తర్వాత అదే చిత్రకారునితో ఆ రాజ్యానికి ఏమి పని? ఏలికలను వెక్కిరిస్తూ బొమ్మ వేసిననాడు అతని గతి ఏమిటి? అంతకన్న చిక్కు ప్రశ్న ఒకటి ఉన్నది. ఏలికలే వచ్చి అతని భుజం తట్టి, నీ బొమ్మ మా బొమ్మే అన్ననాడు అతడు ఏమి చేయాలి? ఈ ప్రశ్నలకు ఢాకా విశ్వవిద్యాలయంలోని లలితకళా విభాగం కథలో దొరికినంత స్పష్టమైన సమాధానం ఉపఖండంలో మరెక్కడా దొరకదని నా అభిప్రాయం.

2024 ఆగస్టు 5న షేక్ హసీనా పదవి వీడి ఢిల్లీ చేరుకున్న నాటినుంచి ఈ రాజధానిలో బంగ్లాదేశ్ గురించి జరిగిన చర్చ ఎక్కువగా ఆమె ఆశ్రయం చుట్టూ, సరిహద్దు చుట్టూ, నదీజలాల చుట్టూ, అక్కడి అల్పసంఖ్యాకుల భద్రత చుట్టూ తిరిగింది. ఆ చర్చ అవసరమే. కాని ఒక జాతి మనసు తెలుసుకోవాలంటే మంత్రుల ప్రకటనలకన్న దాని పాఠశాలల ప్రాంగణాలు కొన్ని సందర్భాలలో ఎక్కువ చెబుతాయి. అందుచేత ఈ వారం నేను విదేశాంగ శాఖ కార్యాలయాన్ని వదిలి, షాహ్‌బాగ్‌లోని ఒక చెట్లతోపు గురించి రాయదలచుకున్నాను.

చెట్ల నడుమ ఒక బడి

కొన్నేళ్ళ క్రిందట ఢాకా వెళ్ళినప్పుడు, ఊరివారు చారుకళ అని పిలుచుకునే ఆ ఆవరణలోకి అడుగుపెట్టాను. బయట రిక్షాల గంటలు, బస్సుల హోరు, మనిషికి మనిషి తగిలే రద్దీ. నాలుగడుగులు లోపలికి వేస్తే చెట్లనీడ. భవనం ఎక్కడ మొదలవుతున్నదో, తోట ఎక్కడ ముగుస్తున్నదో ఒక పట్టాన తెలియదు. ఎర్రటి ఇటుక గోడలు, గాలి ధారాళంగా ఆడే వసారాలు, మెలితిరిగిన మెట్లు, లోపలి వైపున ఒక కొలను. మెట్లమీద కూర్చుని ఒక విద్యార్థిని ఎదుటి చెట్టు మొదలును గీస్తున్నది. ఆమెను దాటి పోయేవారు ఆమెకు అడ్డు రాకుండా చుట్టు తిరిగి పోతున్నారు.

ఈ భవనాన్ని 1953–56 మధ్య రూపొందించినవాడు ముజహరుల్ ఇస్లాం. అమెరికాలో వాస్తుశిల్పం చదివి అప్పుడే తిరిగివచ్చిన యువకుడు. ఉన్న చెట్లను నరకకుండా వాటి మధ్య భవనాన్ని ఇమిడ్చాడు. ఆ దేశంలో ఆధునిక వాస్తుకళకు ఇది నాంది అని నిపుణులు చెబుతారు. తరువాతి కాలంలో ఢాకా శాసనసభా భవనం రూపొందించే అవకాశం తనకు దక్కనున్నప్పుడు, దానికి తనకన్న గొప్ప శిల్పి కావాలని చెప్పి లూయీ కాన్ రాకకు కారకుడైనవాడు కూడా ఈయనే. పదవులకోసం పోటీపడే రాజధానిలో నివసించే నా వంటివానికి ఈ సంగతి ఆశ్చర్యం కలిగించకమానదు.

ఆవరణకు ఆనుకుని విశ్వవిద్యాలయం మసీదు. దాని పక్కన కాజీ నజ్రుల్ ఇస్లాం సమాధి. ఆ కవికి చేరువలోనే జైనుల్ ఆబెదీన్, కమ్రుల్ హసన్ అనే ఇద్దరు చిత్రకారుల సమాధులు. ఒక మసీదు నీడలో ఒక కవి, ఇద్దరు చిత్రకారులు విశ్రమిస్తున్న ఆ చోటు నుంచే ఈ పాఠశాల కథ చెప్పుకోవాలి.

కరవు నేర్పిన గీత

1943లో బెంగాలును కరవు కబళించింది. లక్షలాది మంది పల్లెలు విడిచి కలకత్తా వీధులలో గంజి కోసం దేబిరించి ప్రాణాలు విడిచారు. మృతుల సంఖ్య 15 లక్షలని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చింది. 30 లక్షల వరకు ఉండవచ్చునని తరువాతి పరిశోధకుల అంచనా. ఆ రోజులలో ఆబెదీన్ కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో అధ్యాపకుడు. వయస్సు ముప్పై దాటలేదు. చౌకరకం కాగితంమీద, నల్లసిరాతో, ఎండిన కుంచెతో ఆయన ఆ మరణాలను గీశాడు. చెత్తకుండీ దగ్గర మనిషి, పక్కన కుక్క, పైన కాకి. రంగులు లేవు, అలంకారాలు లేవు. ఆ బొమ్మలు కరవుకు సాక్ష్యాలుగా నిలిచిపోయాయి.

1947లో దేశ విభజన జరిగినప్పుడు ఆబెదీన్, కమ్రుల్ హసన్, సఫియుద్దీన్ అహ్మద్, అన్వరుల్ హక్ మొదలైన కలకత్తా చిత్రకారులు ఢాకా చేరారు. ఆ నగరంలో అప్పుడు చిత్రకళ నేర్పే బడి ఒక్కటి కూడా లేదు. మత ప్రాతిపదికపై ఏర్పడిన కొత్త దేశంలో, మనిషి బొమ్మ గీయడం తప్పని నమ్మేవారు అనేకులున్న సమాజంలో, వారు 1948లో ఒక వైద్య పాఠశాలకు చెందిన రెండు గదులు సంపాదించి చిత్రకళా పాఠశాలను తెరిచారు. మొదటి విద్యార్థులు వేళ్ళమీద లెక్కపెట్టదగినంతమంది. ఆ రెండు గదులే ఎనిమిదేళ్ళకు షాహ్‌బాగ్ భవనమై, 1963లో కళాశాలయై, 1983లో ఢాకా విశ్వవిద్యాలయంలో భాగమై, 2008లో పూర్తిస్థాయి విభాగమైనవి. చిత్రలేఖనం, ముద్రణ చిత్రకళ, శిల్పం, మట్టిపని, హస్తకళలు, ప్రాచ్యకళ, గ్రాఫిక్ డిజైన్, కళాచరిత్ర అక్కడి శాఖలు.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. ఆంగ్లేయులు స్థాపించిన మద్రాసు, కలకత్తా, బొంబాయి, లాహోరు పాఠశాలలకు ప్రారంభ లక్ష్యం పనివాండ్రకు శిక్షణ ఇవ్వడం. ఢాకా పాఠశాల అలా పుట్టలేదు. ఒక కరవును కళ్ళారా చూసినవారు, ఒక విభజనను మోసుకుని వచ్చినవారు దానిని స్థాపించారు. వీధిలో ఏమి జరుగుతున్నదో చూడమని విద్యార్థికి చెప్పడం అక్కడ మొదటి పాఠం. ఆ పాఠం ఎంత దూరం తీసుకుపోగలదో స్థాపకులు ఊహించారో లేదో చెప్పలేము.

అక్షరాల కోసం

1952 సంవత్సరం తెలుగువారికి చిరస్మరణీయం. ఆ డిసెంబరులో పొట్టి శ్రీరాములు భాష పేరిట ఒక రాష్ట్రం కోసం ప్రాణత్యాగం చేశారు. అదే సంవత్సరం ఫిబ్రవరి 21న ఢాకాలో, ఉర్దూతోపాటు బెంగాలీ కూడా రాజభాష కావాలని కోరిన విద్యార్థులమీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఉద్యమంలో చిత్రకళా విద్యార్థులు ముందువరుసలో ఉన్నారు. గోడపత్రికలు వారివే, నినాదాల అక్షరాలు వారివే. విద్యార్థి ముర్తజా బషీర్ ఆ నెత్తుటి రోజును లినోలియం పలకపై చెక్కి అచ్చుబొమ్మగా వేశాడు. బెంగాలీకి న్యాయమైన స్థానం కావాలని తొలినాళ్ళలోనే వాదించిన భాషాశాస్త్రవేత్త మహమ్మద్ షాహిదుల్లాకు అతడు కుమారుడు.

ఆ అమరుల స్మారకమైన షహీద్ మినార్‌కు రూపకల్పన చేసినవాడు ఈ పాఠశాలలో చదివిన హమీదుర్ రహమాన్. అతనితోపాటు పనిచేసిన శిల్పి నొవేరా అహ్మద్ పేరు చాలాకాలం ఎవరూ తలవలేదు. ఆమె దేశం విడిచి ఫ్రాన్సులో స్థిరపడి, 2015లో అక్కడే కన్నుమూసింది. స్తూపాలు నిలబెట్టేవారిలో కూడా మరుగున పడేవారు ఉంటారన్నమాట.

1971లో పాకిస్తాన్ సైన్యం విశ్వవిద్యాలయంమీద విరుచుకుపడినప్పుడు ఆ మినార్‌ను కూడా కూల్చివేసింది. ఒక కట్టడాన్ని చూసి సైన్యం భయపడిందంటే దానిని కట్టినవారి విజయాన్ని వేరే చెప్పనక్కరలేదు. కమ్రుల్ హసన్ కలకత్తాలోని ప్రవాస ప్రభుత్వంలో చిత్రవిభాగానికి అధిపతిగా ఉండి, యాహ్యాఖాన్‌ను కోరలున్న రాక్షసునిగా చూపుతూ వేసిన గోడపత్రిక యుద్ధంలో తుపాకీతో సమానంగా పనిచేసింది. స్వతంత్ర బంగ్లాదేశ్ పతాకానికి తుదిరూపం ఇచ్చినవాడు కూడా ఆయనే. మినార్ మళ్ళీ లేచింది. ఏటా ఫిబ్రవరి 21కి ముందు చారుకళ విద్యార్థులు దాని ముందున్న వీధిలో ముగ్గులు వేస్తారు. తెల్లవారుజామున వేలాది మంది చెప్పులు విడిచి ఆ ముగ్గులమీదుగా నడిచి పోతారు. సంక్రాంతి ముగ్గు ఎరిగిన మనకు ఆ దృశ్యం పరాయిది కాదు.

విశ్వవిద్యాలయం గొడుగు

1982 మార్చిలో సైన్యాధిపతి ఎర్షాద్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1983లో ఆయన విద్యావిధానానికి వ్యతిరేకంగా ఢాకా విద్యార్థులు వీధులకెక్కారు. చిత్రకళా కళాశాల విశ్వవిద్యాలయంలో చేరినది కూడా ఆ సంవత్సరమే. దీని ఫలితం ఏమిటి? అంతకుముందు అది ప్రభుత్వ శాఖ క్రింద ఉన్న ఒక కళాశాల. ఇప్పుడు దానికి విశ్వవిద్యాలయం స్వయంప్రతిపత్తి గొడుగు అయినది. చిత్రకళా విద్యార్థి పక్కన చరిత్ర విద్యార్థి, న్యాయశాస్త్ర విద్యార్థి నిలిచారు. బొమ్మకు వేలాది ప్రేక్షకులు, అవసరమైతే వేలాది రక్షకులు దొరికారు. మహానగరంలోని పెద్ద విశ్వవిద్యాలయంలో చిత్రశాల ఉండడంవల్ల కలిగే లాభం ఇదే. ఒంటరి చిత్రశాలను ఒక ఉత్తర్వుతో మూసివేయవచ్చు. విశ్వవిద్యాలయాన్ని మూసివేయడం ఏ నియంతకైనా అంత సులభం కాదు.

1988 ఫిబ్రవరి 2న, నియంతృత్వానికి ఎదురుగా ఢాకా కవులు జరిపిన కవితోత్సవ వేదికమీద కమ్రుల్ హసన్ కూర్చుని ఉన్నాడు. చేతిలోని కాగితంమీద, దేశం ఒక సిగ్గుమాలినవాని గుప్పిట్లో చిక్కుకున్నదన్న భావంతో ఒక బొమ్మ గీశాడు. పేరు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేకపోయింది. ఆనాడే గుండెపోటుతో మరణించాడు. ఆ బొమ్మ చేతులు మారుతూ దేశమంతా పాకింది.

ఆ జూన్‌లో ఎర్షాద్ రాజ్యాంగాన్ని సవరించి ఇస్లాంను రాజ్యమతంగా ప్రకటించాడు. ఆ వర్షాకాలంలో వరదలు దేశంలో సగానికిపైగా భూభాగాన్ని ముంచెత్తాయి. ఇటువంటి నేపథ్యంలో 1989 ఏప్రిల్‌లో బెంగాలీ సంవత్సరాది నాడు చారుకళ విద్యార్థులు ఒక ఊరేగింపు తీశారు. వెదురుబద్దలతో కట్టి కాగితం అంటించిన ఏనుగు, గుర్రాలు, రంగురంగుల ముఖాలు. దానికి ఆనంద శోభాయాత్ర అని పేరు పెట్టారు. పల్లె జాతర బొమ్మలను పెద్దవి చేసి నగరవీధిలోకి తెచ్చారు. అంతకు కొన్నేళ్ళ ముందే జెస్సోర్ పట్టణంలో చారుకళ పూర్వవిద్యార్థులు ఇటువంటి ప్రయత్నం చేసి ఉన్నారు. నినాదాలు చేస్తే లాఠీలు లేస్తాయి. బొమ్మ ఏనుగును ఏ చట్టం క్రింద అరెస్టు చేస్తారు? ఆ ముఖాలలో ఒకటి ఎవరిని పోలి ఉన్నదో చూసినవారికి తెలుసు. 1990 డిసెంబరులో ఎర్షాద్ దిగిపోయాడు. ఊరేగింపు మాత్రం నిలిచింది. 1996లో దాని పేరు మంగళ శోభాయాత్రగా మారింది.

ఈ ఊరేగింపు నడిచే పద్ధతి కూడా చెప్పుకోదగినది. ఏటా ఆఖరి సంవత్సరం విద్యార్థులు బాధ్యత వహించడం ఆనవాయితీ. నెల రోజుల ముందునుంచి ఆవరణలో చిన్న సంత వెలుస్తుంది. అధ్యాపకులు వేసిన చిత్రాలు, విద్యార్థులు రంగులద్దిన మట్టిమూకుళ్ళు, కాగితపు ముఖాలు అమ్ముతారు. ఆ డబ్బుతోనే వెదురు, కాగితం, జిగురు కొంటారు. వ్యాపార సంస్థల విరాళాలు తీసుకోరాదని నియమం పెట్టుకున్నారు. మూకుడు కొన్న గుమాస్తా, ముఖం కొన్న బడిపిల్ల ఆ ఊరేగింపులో వాటాదారులు. అది ఎవరిది అన్న ప్రశ్నకు అప్పటి సమాధానం ఇంత సులువైనది.

ఏలికల ఆలింగనం

ఛాందసులు దీనిని మొదటినుంచి హర్షించలేదు. ఏనుగులు, గుడ్లగూబలు, సూర్యబింబాలు హిందువుల చిహ్నాలని వారి అభ్యంతరం. దీనిలోని వైచిత్రిని తెలుగు పాఠకులు ఇట్టే గ్రహించగలరు. మన రెవిన్యూ రికార్డులలో ఫసలీ అనే లెక్క ఉన్నది. అక్బరు కాలంలో పంటల శిస్తు వసూలుకు అనుకూలంగా ఏర్పాటైన సంవత్సరమది. బెంగాలీ సంవత్సరం కూడా అలాగే, అక్బరు ఏలుబడిలో శిస్తు కోసం పుట్టిందని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ రోజున ఢాకా వర్తకులు, హిందువైనా ముస్లిమైనా, కొత్త ఖాతా పుస్తకం తెరిచి అప్పులవారికి మిఠాయి పెడతారు. మొగలు చక్రవర్తి పంచాంగాన్ని హిందువుల పండుగ అనడం చరిత్రను తలక్రిందులు చేయడమే. 2001లో అదే పండుగనాడు రమ్నా తోటలో, పాటల సభలో బాంబులు పేలి పలువురు మరణించారు. మరుసటి సంవత్సరం జనం తగ్గలేదు.

ద్వేషించినవారు ఊరేగింపును చంపలేకపోయారు. అసలు చిక్కు ప్రేమించినవారితో వచ్చింది. 2009 నుంచి అధికారంలో ఉన్న అవామీ లీగ్ ప్రభుత్వం దీనిని తన లౌకికవాదానికి ప్రదర్శనశాలగా చేసుకున్నది. 2016లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. సంతోషించవలసిందే. 2017లో దేశంలోని విద్యాసంస్థలన్నీ మంగళ శోభాయాత్ర జరపాలని ప్రభుత్వం ఆదేశించింది. సర్క్యులరు పుచ్చుకుని తీసే ఊరేగింపులో ఆనందం ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఒక నియంతను వెక్కిరించడానికి పుట్టిన బొమ్మలు ప్రభుత్వ కార్యక్రమాల పట్టికలోకి ఎక్కాయి. చుట్టూ సాయుధ పోలీసుల కాపలా పెరిగింది. మొదట ప్రజలు నడిచిన ఊరేగింపును ప్రజలు దూరంగా నిలబడి చూసే రోజులు వచ్చాయి.

ఆ ఆదరణ ఎంత లోతైనదో అదే సంవత్సరం మే నెలలో బయటపడింది. సుప్రీంకోర్టు ముందు నెలకొల్పిన న్యాయదేవత విగ్రహాన్ని తొలగించాలని హిఫాజతే ఇస్లాం అనే సంస్థ ఆందోళన చేసింది. ఆ విగ్రహం తనకూ నచ్చలేదని ప్రధాని హసీనా ప్రకటించారు. రాత్రికి రాత్రి దానిని పెకలించి, విమర్శలు రాగా ఒకటి రెండు రోజులలో న్యాయస్థానం వెనుకవైపున మళ్ళీ నిలబెట్టారు. ఏప్రిల్‌లో ఊరేగింపు తప్పనిసరి, మేలో శిల్పం తప్పుకోవాలి. కళను రాజకీయ అవసరంగా చూసేవారి చేతిలో కళకు ఇంతకుమించి భద్రత ఉండదు.

కాలిన బొమ్మ

2024 జులై, ఆగస్టులలో విద్యార్థుల తిరుగుబాటు ఆ ప్రభుత్వాన్ని పడగొట్టింది. వందలాది యువకులు తుపాకీ గుండ్లకు బలి అయినారు. ఆ తరువాతి వారాలలో ఢాకా గోడలు విద్యార్థుల బొమ్మలతో నిండిపోయాయి. ఆబెదీన్ పాఠం చిత్రకళ చదవనివారికి కూడా అబ్బిందని అనిపించింది.

2025 ఏప్రిల్ 11న ఊరేగింపు పేరు మార్చినట్లు విశ్వవిద్యాలయం ప్రకటించింది. మంగళ అన్న మాట పోయి, వర్షవరణ ఆనంద శోభాయాత్ర అయినది. 1989లో పెట్టిన అసలు పేరుకే తిరిగి వెళ్ళామని నిర్వాహకులు సమర్థించుకున్నారు. మాటవరసకు అది నిజమే. కాని మంగళ అన్న పదం ఛాందసులకు కంటకమని అందరూ ఎరుగుదురు. కనుక ఆ మార్పు ఎవరిని మెప్పించడానికని అడిగినవారిని తప్పు పట్టలేము. బాధ్యత ఆఖరి సంవత్సరం విద్యార్థులకు ఇచ్చే ఆనవాయితీని తప్పించారని, ఏర్పాట్లు పైనుంచి జరుగుతున్నాయని ఒక వర్గం విద్యార్థులు నిరసించి ఊరేగింపుకు దూరంగా ఉన్నారు.

ఆ ఏడు తయారైన బొమ్మలలో ముఖ్యమైనది హసీనాను పోలిన, కొమ్ములూ కోరలూ గల ఒక భారీ ముఖం. ఏప్రిల్ 12 తెల్లవారకముందే అది చారుకళ ఆవరణలోనే తగులబడిపోయింది. పక్కనున్న శాంతికపోతం బొమ్మకూ నిప్పంటుకున్నది. రెండు రోజులలో థర్మోకోల్‌తో మరొక ముఖం తయారుచేసి 14న ఊరేగించారు. పండుగ ముగిసీ ముగియకముందే మాణిక్‌గంజ్‌లో, బొమ్మల తయారీలో పాల్గొన్న ఒక చిత్రకారుని ఇల్లు కాలిపోయింది. ఇది దుండగుల పని అని ఆ కుటుంబం ఆరోపించింది. తిరుగుబాటులో మరణించినవారి స్మృతి చిహ్నాలు, పాలస్తీనా ప్రజలకు సంఘీభావంగా పుచ్చకాయ బొమ్మలు కూడా ఆ ఊరేగింపులో ఉన్నాయి. పర్వత ప్రాంత గిరిజనులు తమ వేషభాషలతో పాల్గొన్నారు. ఇవి మంచి చేర్పులని ఒప్పుకోవాలి.

పడిపోయిన ఏలికను రాక్షసిగా చూపడం తప్పా అని కొందరు నన్ను అడిగారు. కమ్రుల్ హసన్ యాహ్యాఖాన్‌ను అలాగే చూపలేదా? చూపాడు. కాని అప్పుడు యాహ్యాఖాన్ చేతిలో సైన్యం ఉన్నది. ఎర్షాద్‌ను గీసిననాడు ఎర్షాద్ గద్దెమీద ఉన్నాడు. 2025 ఏప్రిల్‌లో హసీనా గద్దెమీద లేరు. ఆమె పాలనలో బలి అయినవారి కుటుంబాలకు ఆ ముఖాన్ని చూసి కోపం తీర్చుకునే హక్కు ఉన్నది. కాని చిత్రశాల ధైర్యాన్ని కొలిచే గీటురాయి వేరు. దిగిపోయినవారి దిష్టిబొమ్మ ఏ ప్రభుత్వానికైనా ఇష్టమే. గద్దె మీద ఉన్నవారి ముఖం చేయగలిగిననాడే ఆ బడి స్వతంత్రం. దానిని కాల్చినవారు కూడా అదే తప్పు మరో వైపునుంచి చేశారు. బొమ్మకు బొమ్మతో జవాబు చెప్పాలి. అగ్గిపుల్లతో చెప్పే జవాబు ఎవరి తరఫున చెప్పినా అది సైన్యం మినార్‌ను కూల్చిన భాషే.

మనకు దీనితో ఏమి పని?

ఢిల్లీలో ఏటా జనవరి 26న శకటాల ఊరేగింపు జరుగుతుంది. ఏ రాష్ట్రం శకటం నడవాలో, ఏది ఆగాలో రక్షణశాఖ నియమించిన సంఘం నిర్ణయిస్తుంది. 2022లో పశ్చిమ బెంగాలు, తమిళనాడు, కేరళ శకటాలను తిరస్కరించినప్పుడు ఎంత రగడ జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నేను ఏళ్ళ తరబడి ఆ శకటాలను చూస్తున్నాను. పనితనానికి లోటు లేదు. కాని ఆ సుందరమైన బొమ్మలలో ఒక్కటీ నవ్వదు, ఒక్కటీ వెక్కిరించదు. మూకుడు అమ్మిన డబ్బుతో కట్టిన బొమ్మకు, మంజూరైన నిధులతో కట్టిన బొమ్మకు ఉండే తేడా అది.

మన ఇంటిలోని ఉదాహరణ చూద్దాం. తెలంగాణ ఉద్యమ కాలంలో బతుకమ్మ వీధులలోకి వచ్చి నిరసనకు రూపమైనది. 2014లో రాష్ట్రం ఏర్పడగానే ప్రభుత్వం దానిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఆ గౌరవం న్యాయమైనదే. కాని తంగేడుపూలు కోసుకొచ్చి పేర్చుకునే ఆడబిడ్డల పండుగ ఎంతవరకు వారిదిగా ఉంటుంది, ఎక్కడినుంచి అది ప్రభుత్వ ప్రదర్శన అవుతుంది అన్న ప్రశ్న అడగవలసిన బాధ్యత మనమీద ఉన్నది. పండుగను నిషేధించే ప్రభుత్వాన్ని ప్రజలు వెంటనే గుర్తుపడతారు. కౌగిలించుకునే ప్రభుత్వాన్ని గుర్తుపట్టడానికి కాలం పడుతుంది.

ఢాకా చిత్రశాల ఎనిమిది దశాబ్దాలకు దగ్గరగా చెబుతున్న పాఠం ఇదే. పాకిస్తాన్ సైన్యం దానిని అణచలేకపోయింది. ఎర్షాద్ దానిని లొంగదీయలేకపోయాడు. ఛాందసుల బాంబులు దానిని భయపెట్టలేకపోయాయి. ఆదరించిన ప్రభుత్వమే దాని కుంచెను కొంత మొద్దుబార్చింది. ఆ ప్రభుత్వం పోయాక, పేరు మార్పుల దగ్గర, దగ్ధమైన బొమ్మల దగ్గర ఆ నష్టం బయటపడింది. ఒక పార్టీ తనదని చెప్పుకున్న పండుగను, ఆ పార్టీ పడిపోయిననాడు ప్రత్యర్థులు కూడా ఆ పార్టీ పండుగగానే చూస్తారు కదా!

అయినా నిరాశపడనక్కరలేదు. ఏలికలు మారుతూ ఉంటారు. వెదురు ఏటా మొలుస్తుంది. ఆ మెట్లమీద కూర్చుని చెట్టు మొదలును గీస్తున్న విద్యార్థిని నాకు గుర్తుకు వస్తున్నది. ఆమె ముందున్న కాగితంమీద ఏమి రావాలో చెప్పడానికి ఆనాడు ఎవరూ వంగి చూడలేదు. విశ్వవిద్యాలయమన్నది ఆ ఒక్క హామీ ఇవ్వగలిగితే చాలు. అది ఇవ్వలేకపోతే, ఆబెదీన్ తెచ్చుకున్న రెండు గదులకూ, నేటి విశాల ప్రాంగణానికీ మధ్య పెరిగినది గోడలు మాత్రమే.